పక్కింటి ఓట్లా మీద బడి

రాత్రి పాళీ ముగించుకుని కమలాకర్ ఇంటికి వచ్చేసరికి జమున రొట్టెలు కాలుస్తోంది. అతని జుట్టు మీదా కనుబొమ్మల మీదా మగ్గాల నూగు తెల్లగా పట్టి ఉంది. చేతులు కడుక్కుని, రెండు రొట్టెలు తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. డిండోలిలోని ఆ గల్లీలో సగం మంది మగవాళ్ళు అలాగే పగటిపూట నిద్రపోతారు.

జమున తలుపు దగ్గరగా వేసి బయటికి చూసింది. పక్కింటి ముందు తోడికోడలు భాగ్యలక్ష్మి ఓట్లా కడుగుతోంది. సూరత్‌లో ఇంటి ముందరి అరుగును ఓట్లా అంటారు. అన్నదమ్ముల ఇళ్ళు రెండూ ఒకే గోడకు అటూ ఇటూ కట్టినవి, ఓట్లాల కొలత కూడా ఒకటే. అయినా బడి వచ్చి అక్కడే కూర్చుంది.

జమున కూతురు కింజల్ మునిసిపాలిటీ తెలుగు బడిలో మూడో తరగతి. కరోనా వచ్చి బడికి తాళం పడి ఏడాది దాటిపోయింది. ఫోన్లో పాఠాలు వచ్చేవి. అందులో ఏది పాఠమో, ఏది కార్టూనో జమునకు తెలిసేది కాదు. జగిత్యాల దగ్గర పల్లెలో రెండో తరగతితోనే బడి మాని బీడీలు చుట్టిన మనిషి ఆమె. చూస్తుండగానే కింజల్ గుణింతాలు మరిచిపోయింది. తన పేరు రాయమంటే సగం గుజరాతీలో, సగం తెలుగులో రాసేది.

ఆ వానాకాలం విజయరాణి టీచర్ గల్లీలోకి వచ్చింది. బడి తెరిచేదాకా టీచర్లే గల్లీ గల్లీకి వెళ్ళి పాఠం చెప్పాలట. ఎవరైనా కొంచెం జాగా ఇస్తారా అని అడిగిన రోజున జమున ఇంట్లో లేదు. మెరిసే టిక్కీలు అంటించిన చీరలను, ఇంటికి పని ఇచ్చే ఠేకేదారుకు అప్పగించడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి భాగ్యలక్ష్మి ఓట్లా మీద చాప పరిచి ఉంది, పిల్లలు మూతులకు గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు, ముందు వరసలో కింజల్ ఉంది.

భాగ్యలక్ష్మికి బడికి పోయే పిల్లలు లేరు. ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి భివండీలో ఉంది. కానీ ఏడో తరగతి చదివింది. అందుకే టీచర్ పక్క గల్లీ పిల్లలను చూసి వచ్చేదాకా చిన్నవాళ్ళ చేత ఆమే చదివిస్తుంది. టీచర్ చాయ్ తాగేది ఆమె గ్లాసులోనే. పిల్లవాడు రాలేదేమని గల్లీ తల్లులను టీచర్ ఆమె నోటితోనే అడిగిస్తుంది. తన బిడ్డ బడి గురించి తాను కూడా పక్కింటిని అడిగి తెలుసుకోవలసి రావడం జమునకు గొంతులో ముల్లులా ఉండేది.

దానికి తోడు భాగ్యలక్ష్మి భర్త, బావ నరహరి సంగతి. అతనూ కమలాకర్ పనిచేసే కార్ఖానాలోనే, అదే రాత్రి పాళీలోనే. ఈ మధ్య పొద్దున రావడం మానేసి మధ్యాహ్నానికి వస్తున్నాడు. పగలు కూడా పని చేస్తున్నాడు కాబోలని జమున లెక్క వేసుకుంది, కమలాకర్ కూడా అలాగే అనుకున్నాడు. ఆ ఇంటికి పేరుకు పేరు, పైసకు పైస.

ఒకరోజు కమలాకర్ లేచి ఫోన్ ఆమె ముందు పెట్టాడు. బడి గ్రూపులో ఫోటో వచ్చింది. ఏ గల్లీలో పాఠం జరిగిందో టీచర్లు రోజూ ఫోటో తీసి పంపాలి. టీచర్ పక్కన భాగ్యలక్ష్మి నిలబడి ఉంది, ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసి కింజల్ నవ్వుతోంది.

"మంచిగ పడ్డది గదా మన పిల్ల," అన్నాడు కమలాకర్.

"పెద్దమ్మ బిడ్డ లెక్క పడ్డది," అంది జమున, ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ.

ఆ రాత్రి పడుకునే ముందు కింజల్ ఒక కథ చెప్పింది. పెద్దమ్మ చదివించిందట. అందులో మేక తెలివి గురించి చెబుతూ పడీ పడీ నవ్వింది. జమున ఊకొట్టలేదు. తనకూ కథలు వచ్చు, కానీ అవి పుస్తకంలో ఉండవు.

మర్నాడు పాఠం అయ్యాక టీచర్ గల్లీ మొదట్లోకి వచ్చేదాకా జమున కనిపెట్టుకుని ఉంది. కింజల్ చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. పక్కన తోపుడుబండి దగ్గర అదే గల్లీలో ఉండే గంగవ్వ కొత్తిమీర బేరం చేస్తోంది. జమున గొంతు తగ్గించింది.

"టీచరమ్మా, చెప్పొద్దు గని, మా బావకు మస్తు దగ్గస్తాంది. ఇంట్ల దాచిపెడుతున్నరు. పసిపిల్లలు గదా అని చెప్తున్న."

టీచర్ ఒక అడుగు వెనక్కి వేసి మాస్కు సరిచేసుకుంది. ఇప్పుడెలా అంది. మా ఓట్లా ఉంది కదమ్మా అంది జమున, ఆ మాట అప్పుడే తోచినట్టు. కింజల్ తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది.

బడి గోడకు ఇవతలి పక్కకు మారింది. జమున కొత్త చాప కొని పరిచింది, అల్లం వేసి చాయ్ పెట్టింది. ఆ రోజు ఫోటోలో టీచర్ పక్కన ఆమే నిలబడింది. అవతల భాగ్యలక్ష్మి తలుపు మూసి ఉంది. కొన్నాళ్ళు బయటికి రావద్దని టీచర్ ఆమెకు మెల్లగా చెప్పి వెళ్ళిందట.

కానీ లోపల కమలాకర్‌కు నిద్ర పట్టలేదు. పిల్లలు ఎక్కాలు అందుకుంటే రేకుల కప్పు కూడా వాళ్ళతో పాటు పలికేది. అతను అటు దొర్లాడు, ఇటు దొర్లాడు, చెవులకు తువ్వాల చుట్టుకున్నాడు, చివరికి లేచి కూర్చున్నాడు. అలవాటైపోతుందిలే అంది జమున. అతను ఎర్రబడ్డ కళ్ళతోనే రాత్రి పనికి వెళ్ళాడు. మరునాడూ అంతే.

గంగవ్వ చెవిన పడ్డ మాట, అక్కడే పనిచేసే ఆమె భర్త నోట కార్ఖానాకు చేరింది. పని చేయించే ముకద్దం అన్నదమ్ములిద్దరినీ గేటు దగ్గరే ఆపాడు. టెస్టు చేయించుకుని, ఏమీ లేదని తేలేదాకా ఇటు రావద్దన్నాడు. నరహరి ఒక్కడినే కాదు, ఒకే గోడ ఇళ్ళు కాబట్టి కమలాకర్‌ను కూడా.

మరునాడు జమున పరిచిన చాప మీద ఎవరూ కూర్చోలేదు. టీచర్ గల్లీ మొదట్లోనే నిలబడి పిల్లలను పిలిచింది. ఇకనుంచి పాఠం నవాగామ్ వైపు జరుగుతుందని, పెద్ద రోడ్డు దాటించి తల్లులే పిల్లలను తీసుకురావాలని చెప్పింది. సంచి తగిలించుకుని కింజల్ కూడా పరిగెత్తింది.

"నువ్వు కొన్నాళ్ళు ఆగమ్మా," అంది టీచర్, దూరం నుంచే.

కింజల్ వచ్చి చాప మధ్యలో ఒక్కతే కూర్చుంది. జమున పిలిచినా లోపలికి రాలేదు. ఇంత చేసి తాను తెచ్చుకున్నది ఈ ఖాళీ చాపేనా అనిపించింది జమునకు. అయినా ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది. గంగవ్వ నోరే మంచిది కాదని తనకు తాను చెప్పుకుంది.

సాయంత్రం భాగ్యలక్ష్మి వచ్చింది. ఓట్లా ఎక్కకుండా కిందనే నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నరహరికి టెస్టు చేస్తే ఏమీ లేదని తేలిందట. అయినా నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందెను దూరం జరుపుతున్నారట.

"ఎవరన్నరో ఒక్కటి తెలిస్తే సాలు చెల్లె," అంది. "ఆయన దగ్గుతుంటె ఎవరిన్నరంట? అసలు ఆయన ఇంట్ల పండుకుంటె గదా ఇనెతందుకు. జర నువ్వు నా ఎంట రా, ఇద్దరం పోయి గంగవ్వను అడుగుదాం."

జమున చేతిలోని చీర మడత వేస్తూనే ఉంది. అడిగి ఏం లాభం అక్కా, లోకం నోరు మూయగలమా అంది. చాప మీది నుంచి కింజల్ లేచి నిలబడింది.

"పెద్దబాపుకు దగ్గు లేదంటాంది గదా పెద్దమ్మ. మరి ఉన్నదని టీచర్‌కు ఎందుకు చెప్పినవమ్మా?"

 లోపల మంచం కిర్రుమంది. కమలాకర్ లేచి వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు.

"నువ్వా జమునా?" అంది భాగ్యలక్ష్మి.

జమునకు పారిపోవడానికి చోటు లేకపోయింది. చోటు లేనివాళ్ళకు వచ్చే కోపమే ఆమెకూ వచ్చింది. "నేనే. ఏం, నా బిడ్డ బడి నీ ఇంటి ముందట ఎందుకుండాలె? చదివిచ్చేది నువ్వు, టీచరమ్మకు సుట్టం నువ్వు, ఫోటోల నువ్వు. ఇంటికొస్తె పిల్ల నోట్లె పెద్దమ్మ, పెద్దమ్మ. నాకు సదువు రాదు, ఎర్కనే. సదువు రాకుంటె తల్లిని కానా నేను?"

 భాగ్యలక్ష్మి మెట్టు మీద కూర్చుంది.

"టీచరమ్మ మొదలు అడిగింది మీ ఓట్లానే," అంది. "బడి పిల్ల ఉన్న ఇల్లని. నువ్వు చీరలియ్య పోయినవ్. లోపల కమలాకర్ పండుకున్నడు. పిల్లలు ఒర్రుతుంటె వానికి నిద్ర పడ్తదా? నిద్రలేనోడు మగ్గం కాడ నిలబడితె చెయ్యి మిగులుతదా? నేనే ఆమెను ఇటు రమ్మన్న. మీ బావ ఏమన్నడెర్కేనా? నేను కార్ఖానాలనే పండుకుంట తియ్యి, మన కింజు అక్షరాలు మర్చిపోయింది, సదువుకోనియ్యి అన్నడు. మధ్యాహ్నందాక ఆ మోతల, బట్ట తాన్ల మీద పండుకుని వస్తున్నడు. ఇంట్ల ఉన్నోడైతె గదా, దగ్గేతందుకు."

 ఇన్నాళ్ళూ బావ సంపాదన అని జమున లెక్కపెట్టిన పూటలన్నీ మోతలో పడుకున్న పూటలు. ఆ నిద్రలేమి ఎలా ఉంటుందో ఆమె రెండు రోజులు తన ఇంట్లోనే చూసింది. భర్త ఎర్రటి కళ్ళు చూసీ చాయ్‌లో అల్లం దంచి వేసింది, టీచర్ కోసం.

"వదినా," అన్నాడు కమలాకర్.  తరువాత జమున వైపు తిరిగాడు. "నాకేం చెప్పకు. ఎవరెవరి చెవుల వడ్డదో వాండ్లందరికి నువ్వే పోయి చెప్పు."

భాగ్యలక్ష్మి లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనక తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. జమునకు ఆ చప్పుడు లేకపోవడమే భరించరానిదిగా తోచింది.

మరునాడు నల్లా దగ్గర ఆడవాళ్ళందరూ ఉండగా ఆమె వెళ్ళి నిలబడింది. మా బావకు ఏ రోగమూ లేదు, నేనే కడుపుమంటతో లేనిది పుట్టించాను అని చెప్పింది. కొందరు తల దించుకున్నారు. గంగవ్వ మాత్రం ఊరుకోలేదు.

"తోడికోడలు మీద కోపముంటె సిగలు వట్టుకుంటరు గని, రోగం అంటగడ్తరానే," అంది. జమున ఆ మాటను పడింది.

అక్కడినుంచి కార్ఖానా గేటుకు వెళ్ళింది. ముకద్దానికి తెలుగు రాదు. "మైనే ఝూఠ్ బోలా థా," అని తనకు వచ్చిన హిందీలోనే అబద్ధం తనదేనని ఒప్పుకుంది. చివరికి పెద్ద రోడ్డు దాటి నవాగామ్ పిల్లల ముందు, వాళ్ళ తల్లుల ముందు టీచర్‌కు చెప్పింది. విజయరాణి చేతిలోని పుస్తకం మూసింది.

"ఏడాదిన్నర తరువాత పిల్లలకు బడి దొరికిందమ్మా," అంది. "దాన్నే అడ్డం పెట్టుకుని ఇంత పని చేశారు." అంతకు మించి తిట్టలేదు. వచ్చే వారం నుంచి మీ గల్లీకి వస్తానంది.

అన్నదమ్ములు మళ్ళీ పనికి వెళ్ళారు. ఇక నుంచి ఓట్లాలు వంతు వేసుకుందామని, ఒక వారం అన్న కార్ఖానాలో పడుకుంటే ఒక వారం తాను పడుకుంటానని కమలాకర్ చెప్పాడు. నరహరి సరేనన్నాడు. జమున కాళ్ళ మీద పడబోతే, వద్దు బిడ్డా అని పక్కకు తప్పుకున్నాడు. భాగ్యలక్ష్మి మాత్రం తోడికోడలితో మాట్లాడలేదు. కింజల్ తల దువ్వేది, చేతిలో పల్లీపట్టీ పెట్టేది. జమున ఎదురైతే చూపు తిప్పుకునేది.

మొదటి వంతు జమున ఓట్లాకే వచ్చింది. టీచర్ పాఠం చెప్పి, చిన్నవాళ్ళను చదువుతూ ఉండమని పక్క గల్లీకి వెళ్ళింది. అవతలి తలుపు దగ్గరగా వేసి ఉంది. కింజల్ కొత్త పాఠం తీసి నాలుగు మాటలు చదివి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగింది. తల్లి వైపు చూసింది, వెంటనే చూపు దించుకుంది. అడిగితే అమ్మ నొచ్చుకుంటుందని ఆ పసిదానికి తెలిసిపోయింది.

జమున లేచింది. లోపల ఎక్కడో ఆ పాత మంట ఇంకా చురుక్కుమంటూనే ఉంది. అయినా వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది.

"అక్కా, జర రా. పిల్ల ఆగిపోయింది. నాతోని అయితలేదు."

 కొంతసేపటికి భాగ్యలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. జమునను దాటుకుని వచ్చి, చాప మీద కింజల్ పక్కన కూర్చుని, ఏ మాట కాడ ఆగినవే అని వంగింది. ఇద్దరూ కలిసి ఆ మాటను విడదీసి, కూడబలికి, దాటించారు. జమున చాయ్ నెపంతో లోపలికి కదిలింది.

"యాడికి పోతున్నవ్?" అంది భాగ్యలక్ష్మి, తలెత్తకుండానే. "బిడ్డ చదువుతుంటె తల్లి ఇనకపోతె ఎట్ల? కూచో."

జమున అవతలి పక్కన కూర్చుంది. కింజల్ ఇద్దరి మధ్యా సర్దుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా పలుకుతోంది. జమునకు పుస్తకం మసకబారింది. ముఖం పక్కకు తిప్పి కొంగుతో కళ్ళు అద్దుకుంది. అమ్మ వినడం లేదనుకుని కింజల్ ఆమె మోచెయ్యి లాగి, పాఠాన్ని మళ్ళీ మొదటి నుంచి చదవసాగింది.