ఎనిమిదో ఇంటి వంతు

మా పెద్దమ్మ నెమ్మదస్తురాలు. దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే మంచినీళ్ళు ముట్టేది కాదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఆవిడ ఒక్కసారే చెప్పింది, అదీ గింజలు చెరుగుతూ, తలెత్తకుండా.

ఆవిడ కాపురమున్న ఊరు కట్టింది ఎనిమిది ఇళ్ళవాళ్ళు. అడవి నరికి, మొద్దులు పెకలించి, ఏటి నుంచి కాలువ తవ్వుకున్నారు. కాలువ ఒకటే, నీళ్ళు తక్కువ. అందుకని వంతులు పెట్టుకున్నారు. ఒక ఇంటి వంతు అయిపోగానే గట్టెక్కి, కింది ఇంటివాళ్ళని "వంతొచ్చింది" అని మూడుసార్లు కేకెయ్యాలి. వాళ్ళు "అందుకున్నాం" అని పలకాలి. పలికినవాడివి నీళ్ళు.

కాలువ చివరిది ఎనిమిదో ఇల్లు. మొగుడూ పెళ్ళాం, నలుగురు పిల్లలు. ఊరు కట్టిన మూడో వేసవిలో ఆ ఇంటిల్లిపాదికీ జ్వరాలొచ్చాయి. వంతుకి పిలిస్తే పలుకు లేదు. పలకలేదు కదా అని మిగతా ఏడిళ్ళవాళ్ళూ ఆ నీళ్ళు తమ చేలకే తిప్పుకున్నారు. జ్వరం ఎక్కడ అంటుకుంటుందోనని అటు తొంగి కూడా చూడలేదు. తొమ్మిదో నాడు వెళితే ఆరుగురూ కాలువ వైపు తలలు పెట్టి పడి ఉన్నారు. కాలువలో చెమ్మయినా లేదు.

ఆనాటి నుంచి ఊరికో కట్టుబాటు. ఆ ఇంటిని పిలవడం మానకూడదు. పలుకు రాకపోతే ఆ నీళ్ళు ఆ బీడుకే వదలాలి. నాలుగు తరాలుగా పిలుస్తూనే ఉన్నారు. పలికినవాళ్ళు లేరు.

ఏడో ఇల్లు మా పెదనాన్నది. వరసగా రెండేళ్ళు చేను ఎండింది. మూడో ఏడు పైరు పాలకంకి మీద ఉండగా వాన మొహం చాటేసింది. ఇదీ పోతే మూటాముల్లే సర్దుకుని ఊరొదలడమే.

"ఎనిమిదో వంతు మనం అందుకుందాం," అన్నాడు పెదనాన్న ఓ పొద్దున.

"పాపం కదండీ."

"పాపానిదేముందే, మన చేలో అదొక్కటే నీళ్ళు లేకుండా పండేది. నేను బీడులోకెళ్ళి పలుకుతాను. నువ్వు గట్టెక్కి పిలువు."

"నీటితాత ఊరుకుంటాడా?"

"ఆయనకి కావలసింది పలుకు. ఎవరిదని అడగడు."

నీటితాత తూముల కాపలాదారు. చీమ తుమ్మినా వినిపించే చెవులు, నోట్లో పన్నన్నది లేదు. "దేవుడు చెవులిచ్చి పళ్ళు పట్టుకెళ్ళాడమ్మా, బేరం నష్టమేం కాదు," అనేవాడు.

ఎనిమిదో వంతు మిట్టమధ్యాహ్నం మొదలవుతుంది. తన నీడ తన కాళ్ళ కింద దాక్కునే వేళకి పెద్దమ్మ గట్టెక్కింది. నీటితాత తూము పలక మీద చెయ్యేసి కూర్చున్నాడు.

"వంతొచ్చింది..."

ఏమీ లేదు. ఎండలో నేల చిట్లుతున్న చప్పుడు తప్ప.

"వంతొచ్చింది..."

కీచురాళ్ళు ఆగిపోయాయి.

 మూడోసారి ఆవిడ బలవంతాన పిలిచింది. బీడు వైపు నుంచి పలుకొచ్చింది.

"అందుకున్నాం."

నీటితాత పలక మీంచి చెయ్యి తీసేశాడు. "మీ ఆయన గొంతే తల్లీ," అన్నాడు మెల్లగా. "చోటు మాత్రం మీది కాదు." తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు.

పెద్దమ్మ తిప్పగానే నీళ్ళు తమ చేలోకి పారాయి. పైరు మొదళ్ళు తడుస్తుంటే వచ్చే ఆ కమ్మని వాసన పీల్చి ఎన్నాళ్ళయిందో. పెద్దమ్మ అన్నీ మరిచి గంటసేపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత, ఆయనేడీ అని గుర్తొచ్చింది. కేకేసింది. పలకలేదు. పొద్దు వాలింది. మళ్ళీ కేకేసింది.

కిందికి దిగింది.

ఆ బీడులో మోకాలెత్తు మొండి గోడలు మిగిలాయి. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఒక వాసన... రోగి పక్కబట్టల వాసన, వేడి మట్టి వాసన. పిట్ట లేదు. గాలి లేదు.

పెదనాన్న గోడవారగా కూర్చుని ఉన్నాడు. అంత ఖాళీ చోట, మోకాళ్ళు గుండెలకి ముడుచుకుని, ఇరుకు గదిలో ఒదిగినట్టు. పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టింది. పొద్దున ఇంట్లో చెంబెడు నీళ్ళు తాగి వచ్చిన మనిషి.

"ఏమండీ..."

"అరవకు." గుసగుస. "చిన్నదానికి ఇప్పుడే కన్నంటుకుంది."

పెద్దమ్మ చుట్టూ చూసింది, ఎవరూ లేరు. "లేవండి. ఇంటికి పోదాం."

"ఎలా వస్తానే? నీళ్ళందాయని చెప్పింది నేనేగా. ఏవీ అంటున్నారు... అందరూ నన్నే అడుగుతున్నారు..."

ఆయన చెయ్యి పట్టుకు లాగింది. నిప్పులా కాలుతోంది. ఇంకా లాగింది. రాలేదు. రెండో చెయ్యిని అవతలి నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు... ఆ చెయ్యి గాల్లో చాచుకుని ఉంది.

పెద్దమ్మ గట్టు మీదికి పరిగెత్తింది. వంతు ముగియడానికి జానెడు పొద్దుంది. ఇప్పుడు బీడు వైపు తూము తీసినా ఆ ధార బీడు చేరకముందే ఎండిన కాలువే తాగేస్తుంది. ఉన్న నీళ్ళన్నీ తన మడిలోనే ఉన్నాయి.

ఒక్కసారి పైరు వంక చూసింది. దేవుడి పేరు తలుచుకుంది. పార తీసుకుని తన మడి గట్టే తెగ్గొట్టింది.

పాలకంకి కిందనుంచి నీళ్ళు బురదబురదగా బీడులోకి దూకాయి. మొండి గోడల మధ్యకి చేరగానే చప్పుడు మొదలైంది. నేల పీల్చుకునే చప్పుడు కాదది.

గుటకలు.

ఒక గొంతువి కాదు... పెద్దవి, చిన్నవి, ఆత్రంగా, పొలమారుతూ...

పెద్దమ్మ చెవులు మూసుకుంది. తీసేసరికి నిశ్శబ్దం. నీటి చుక్క లేదు. పెదనాన్న లేచి నిలబడి ఉన్నాడు. "పద," అన్నాడు, మామూలు గొంతుతో.

ఆయన ముందు, ఆవిడ వెనక. మనిషి దక్కాడు, అదే పదివేలు అనుకుంది. సగం దారిలో గమనించింది. ఆయన అడుగులు చిన్నవిగా పడుతున్నాయి. కుడిచెయ్యి కొంచెం కిందికి, పక్కకి చాచి, చూపుడువేలు ఒక్కటే బయటపెట్టి నడుస్తున్నాడు. ఎగుడుదిగుడు వచ్చినచోటల్లా ఆగుతున్నాడు.

ఆయన ఆగినప్పుడల్లా ఆవిడా ఆగింది.

వాళ్ళ వీధి తలుపుకి రెండు రెక్కలు. మనుషులకి ఒకటి చాలు. రెండోది ధాన్యం బస్తాలు వచ్చే రోజునే తీస్తారు. పెద్దమ్మ ఒక రెక్క తోసి లోపలికి వెళ్ళింది. పెదనాన్న గడప దగ్గరే ఆగిపోయాడు.

"రెండోది కూడా తియ్యి," అన్నాడు.

ఆ ఏడు ఇక ధాన్యం రాదు. అయినా పెద్దమ్మ రెండో రెక్క గడియ తీసింది. పెదనాన్న పక్కకి ఒదిగి, దారిచ్చి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత లోపలికొచ్చాడు.