బండల గని మలుపులో మూడో ఇంజన్

పెద్దేముల్ నుంచి తాండూరు వైపు పాత లారీల తోవ ఒకటుంది. ఆ తోవ మీద, మూతబడ్డ బండల గని దగ్గర ఒక మలుపు ఉంది చూశారా... చీకటిపడితే అటు ఎవ్వరూ పోరు.

ఎందుకు పోరంటే ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తారు. బండలు మీదపడి చనిపోయిన కూలీ తిరుగుతాడని కొందరు. కూలీ కాదు, ఆడమనిషి అని కొందరు. చించోళి నుంచి వచ్చే కన్నడ లారీ డ్రైవర్ ఒకాయనకు ఆ మలుపులో ఒక్క రాత్రిలో గడ్డం తెల్లబడిందట. అది భయానికి కాదు, బండిలో చినిగిన సిమెంటు బస్తాకు అని క్లీనర్ చెప్పాడు గానీ... క్లీనర్ మాట ఎవరు వింటారు?

అంత చెడ్డపేరున్న తోవను ఏరికోరి వెతుక్కుంది రెబెక్క.

రెబెక్కకు ఇరవై ఎనిమిదేండ్లు. తాండూరులో మెకానిక్ షెడ్డు నడుపుతుంది. పగలంతా ఆటోలు, ట్రాక్టర్లు. పొద్దుగూకితే మాత్రం ఒకటే పిచ్చి — ఆమె తెల్ల కారు.

పైకి చూస్తే అది ఇరవై ఏండ్ల నాటి పెట్రోలు కారు. రంగు పోయి, తలుపుకు సొట్టపడి, సంతకు కూరగాయలు మోసే మొహంతో ఉంటుంది. లోపలి సంగతి వేరు. ఎక్కడో పల్టీకొట్టిన డీజిల్ జీపు నుంచి టర్బో విప్పి తెచ్చి దీనికి బిగించింది. టర్బో అంటే, బయటికి పోయే పొగ తోపుకు గిరగిరా తిరుగుతూ ఇంజన్ లోపలికి గాలి కుక్కే చక్రం. ఎంత గాలి కుక్కితే అంత పెట్రోలు పొయ్యొచ్చు, ఎంత పెట్రోలు మండితే అంత బలం. ఆ బలానికి ఓర్చుకునే గట్టి పిస్టన్లు వేసింది. బరువు తగ్గాలని ఏసీ పీకేసింది, వెనక సీటు పీకేసింది. కారుతో వచ్చిన కంప్యూటర్‌ను కూడా తీసేసి, తన ల్యాప్‌టాప్ చెప్పినట్టు వినేదాన్ని పెట్టింది.

మొదటి ఇంజన్‌లో పిస్టన్ కరిగి బొక్కపడింది. రెండోదాంట్లో పిస్టన్‌కు తగిలించిన రాడ్డు విరిగి, ఇంజన్ గోడకు కిటికీ పెట్టుకొని బయటికొచ్చింది. ఇది మూడోది. ఇది కూడా పోతే కారును తుక్కుకు ఇచ్చేస్తానని తల్లి రాహేలమ్మకు మాటిచ్చింది. బైబిల్ మీద కాదు, స్పానర్ మీద ఒట్టేసింది. అందుకే రాహేలమ్మ నమ్మింది.

కొత్త ఇంజన్‌కు గాలి, పెట్రోలు పాళ్లు కుదర్చాలంటే బండిని గట్టిగా తోలి చూడాలి. పగలు ఏ రోడ్డు చూసినా ఆటోలు, సిమెంటు లారీలు, బర్రెలు. రాత్రిళ్లు మనిషన్నవాడు కనపడని తోవ ఒక్కటే ఉంది. దెయ్యం పుణ్యమా అని రెండు కిలోమీటర్లు నున్నగా, ఖాళీగా.

ఒక్కదానివే పోవద్దు, నేనూ వస్తానంది రాహేలమ్మ. ఆమె బడిలో మధ్యాహ్నం అన్నం వండుతుంది, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటుంది. అమ్మకు దెయ్యమంటే భయమేమో అనుకుంది రెబెక్క.

“దయ్యానికి కాదు బిడ్డా,” అంది రాహేలమ్మ. “నీకు భయం లేదు గదా... గందుకు నాకు భయం.”

శనివారం రాత్రి పదిన్నరకు ఇద్దరూ గని తోవ మీదికి వచ్చారు. రెబెక్క ల్యాప్‌టాప్ తెరిచి తల్లి ఒళ్లో పెట్టి, గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే ఒక పెద్ద అంకె చూపించింది. అది పన్నెండు లోపల ఉండాలె, పదమూడు అయితే వెంటనే చెప్పాలె, పెట్రోలు తక్కువై ఇంజన్ కాలిపోతది అని వివరించింది.

ఎసరు తక్కువైతే అన్నం అడుగంటినట్టా అని అడిగింది రాహేలమ్మ. అచ్చం గట్లనే అంది కూతురు.

మొదటిసారి తోలింది. టర్బో సన్నగా ఈల అందుకుంది... ఈల కాస్తా కేకైంది... ఎవరో వెనకనుంచి మెడపట్టి లాగినట్టు ఇద్దరి తలలూ సీట్లకు అతుక్కున్నాయి. రాహేలమ్మ కండ్లు అంకె మీదనే ఉన్నాయి. అన్నం వరుసలో పిల్లల్ని లెక్కపెట్టే గొంతుతో చదువుతోంది — పదకొండున్నర, పదకొండున్నర, పన్నెండు, పదకొండున్నర. అడుగంటలేదు.

రెండోసారి ఇంకొంచెం గాలి పెంచింది. తోవ చివర మలుపు వచ్చింది. రెబెక్క కాలు తీసేసింది. టర్బో బుస్సున గాలి వదిలింది. కారు మెల్లగా మలుపు తిరుగుతోంది.

అప్పుడు వినపడింది.

టక్... టక్... టక్...

రెబెక్క ఒళ్లు చల్లబడింది. దెయ్యం గుర్తుకొచ్చి కాదు. ఇంజన్ లోపల బేరింగు అరిగితే రాడ్డు సరిగ్గా ఇట్లాగే కొట్టుకుంటుంది. రెండో ఇంజన్ చచ్చేముందు ఇదే చప్పుడు చేసింది.

చెవి ఒగ్గి వింది. ఆక్సిలేటర్ కొద్దిగా తొక్కింది. రాడ్డయితే చప్పుడు వేగం పెరగాలి. పెరగలేదు. వదిలింది. తగ్గలేదు.

టక్... టక్... టక్...

వేడెక్కిన టర్బోను అట్లా ఉన్నపళంగా ఆపొద్దని తెలిసి కూడా తాళం తిప్పేసింది. ఇంజన్ ఆగింది. లైట్లు ఆగాయి. చుట్టూ గుట్టలుగా పడున్న పనికిరాని బండలు, చీకటి, గనిలో నిలిచిన నీళ్ల వాసన.

టక్... టక్... టక్...

రెబెక్క గుండెల మీద చెయ్యేసుకొని పెద్దగా ఊపిరి వదిలింది.

“అమ్మా, ఇంజన్ మంచిగనే ఉన్నది,” అంది గుసగుసగా. “దయ్యమే.”

అంత సంతోషంగా ఆ మాట అన్నవాళ్లు ఆ మలుపులో ఇంతకుముందు ఎవ్వరూ ఉండరు. రాహేలమ్మ ల్యాప్‌టాప్ మూసి, కొంగు బిగించి, ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో ఆపింది. చప్పుడు ఇనుము మీద రాయితో కొడుతున్నట్టు ఉందని, ఎడమ పక్క బండల గుట్ట కింద నుంచి వస్తోందని చెప్పింది.

“ఎవరు గాడ?” అని పిలిచింది రెబెక్క.

చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

పోదామా అంది రాహేలమ్మ. రెబెక్క అప్పటికే ఫోన్ లైటు వేసుకొని దిగింది. రాహేలమ్మ కూడా దిగింది, చేతిలో పెద్ద స్పానర్‌తో. వెంట తెచ్చుకున్న బైబిల్ కారులోనే ఉండిపోయింది.

గుట్ట అవతల, పల్లంలో... ఒక చక్రం ఆకాశానికి చూస్తోంది. బోర్లాపడ్డ ఆటో. దాని కింద, నడుము దాకా బండల దుమ్ముతో తెల్లబడి, ఒక మనిషి.

మనిషే. మూలుగుతున్నాడు.

పెద్దేముల్ ఆటో కిష్టప్ప. రెబెక్క షెడ్డుకు నెలకోసారి వచ్చేవాడే. దగ్గరి తోవ అని ధైర్యం చేసి ఖాళీ ఆటోతో ఇంటికి పోతుంటే అడవిపంది అడ్డమొచ్చిందట. తల పగిలి నెత్తురు కారుతోంది. రెబెక్క అంబులెన్సుకు ఫోన్ చేద్దామంటే గని పల్లంలో ఒక్క గీత సిగ్నల్ లేదు.

రెబెక్క పరుగున పోయి కారులోంచి జాకీ తెచ్చింది. బండ మీద ఆనించి ఆటోను జానెడు లేపింది. రాహేలమ్మ కిష్టప్ప చంకల కింద చేతులు వేసి బయటికి లాగింది. వెనక సీటు లేకపోవడం ఆ రోజు పనికొచ్చింది. గోనెపట్టా పరిచి పడుకోబెట్టారు. రాహేలమ్మ పక్కనే కూర్చొని, కొంగు చింపి తలకు అదిమిపట్టింది.

ఇప్పుడు ముందు సీట్లో అంకె చదివే మనిషి లేదు. పాళ్లు ఇంకా కుదరలేదు. పూర్తి గాలితో తొక్కితే ఇంజన్ ఉంటుందో పోతుందో దేవుడికే తెలియాలి. మెల్లగా పోతే తాండూరు అరగంట. కొంగు అప్పటికే తడిసిపోయింది.

రెబెక్క ఒక్క క్షణం స్టీరింగు మీద చెయ్యి ఆనించి, తర్వాత తొక్కింది.

చీకట్లో ఈల, కేక, బుస్సు. మళ్లీ ఈల, కేక, బుస్సు. దారిలో ఒక ఊరి దగ్గర కుక్కలు మొరగడం మర్చిపోయి చూశాయట. కిష్టప్ప ఒకసారి కండ్లు తెరిచాడు.

“ఇదేం బండి అక్కా?”

“కారు తమ్మీ. పండుకో,” అంది రాహేలమ్మ.

“ఆటో కింద బతికిన... దీంట్ల సస్తనేమో,” అని మళ్లీ కండ్లు మూశాడు.

పది నిమిషాల లోపే ఆస్పత్రి గేటు. ఇంజన్ నిలబడింది. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది. రాహేలమ్మ బయటికొచ్చి, ఎవరూ చూడకుండా కారు బానెట్ మీద చెయ్యిపెట్టి స్తోత్రం చెప్పింది. చెయ్యి చుర్రుమంది.

రెండు రోజుల తర్వాత తల్లీకూతుళ్లు కిష్టప్పను చూడ్డానికి పోయారు. తలకు కట్టు, రెండు చేతులకూ మోచేతుల దాకా పిండికట్లు. రాహేలమ్మ తెచ్చిన జావ తనే చెంచాతో తాపింది. ఆ రాత్రి వీళ్లకన్నా ముందు రెండు మోటార్‌సైకిళ్లు వచ్చి మలుపులో కాసేపు ఆగాయని, మళ్లీ దౌడు తీశాయని కిష్టప్ప చెప్పాడు.

“చప్పుడుకు దయ్యమనుకొని ఉరికిన్రు కాకా,” అంది రెబెక్క. “నువ్వు ఆపకుండ కొట్టుడు మంచిదైంది. లేకుంటే మేం గూడ ఆగకపోతుంటిమి.”

కిష్టప్ప ఆమె వైపు చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూశాడు.

“నేనేడ కొట్టిన బిడ్డా,” అన్నాడు. “పడుడు పడుడే రెండు చేతులు ఆటో కింద నలిగినయి. వేలు గూడ కదలలే... నేను గూడ విన్న. ఎవరో పక్కనే కూసొని కొడుతున్నరు. పిలిస్తే పలుకలే.”

రాహేలమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది.

రెబెక్క లేచి నేరుగా షెడ్డుకు వచ్చింది. కారును పైకి లేపి, ఆయిలు దింపి, ఇంజన్ అడుగు విప్పింది. ఆగిపోయిన ఇంజన్ చప్పుడు చెయ్యదని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా విప్పింది. ఎక్కడో ఒక అరుగుడు, ఒక గీత, ఒక్క వదులు బోల్టు దొరికితే చాలనుకుంది.

రాడ్డు బేరింగులు ఒక్కొక్కటే తీసి లైటు కింద పెట్టి చూసింది. నాలుగూ... అద్దంలా మెరుస్తున్నాయి.

అప్పుడు, జీవితంలో మొదటిసారి, షెడ్డు తలుపు లోపల గడియ పెట్టుకొని తల్లికి ఫోన్ చేసింది రెబెక్క.

“అమ్మా... జర వస్తవా?”