నీలి మరకల చెయ్యి

“మా అమ్మను నువ్వే చంపుతున్నావు వదినా!”

ఆడపడుచు స్కాన్ కాగితాన్ని బల్లమీదకు విసిరికొట్టింది. మూడు ఇంజెక్షన్లయ్యాక తగ్గాల్సిన అత్తగారి మెడమీది క్యాన్సర్ గడ్డ, నిమ్మకాయంతది కాస్తా బత్తాయంత అయింది! ఆ ఇంజెక్షన్లు వేయిద్దామని పట్టుబట్టింది కోడలే మరి. నాలుగోది సోమవారం. ఇక చాలు, ఆపేద్దామని ఆడపడుచు ఒకటే ఏడుపు. కోడలి భర్త ఎప్పటిలాగే వరండాలోకి జారుకున్నాడు. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

కోడలు స్కాన్ కాగితం తీసి మడతపెట్టింది. ఆ ఇంజెక్షన్ల సంగతి తప్ప, ఆ ఇంట్లో ఆవిడ మాటకు విలువెప్పుడుంది కనుక! ఆస్పత్రి ల్యాబులో, రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పల్చగా కోసి, గాజు పలకలకెక్కించి రంగు వేయడం ఆవిడ ఉద్యోగం. గోళ్ళ చుట్టూ నీలి మరకలు ఎంత తోమినా పోవు. “ఆ చేత్తో నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వకు తల్లీ!” అని కాపురానికొచ్చిన నెలలోనే అత్తగారు అనేశారు. పద్దెనిమిదేళ్ళుగా అత్తగారి చెంబూ గ్లాసూ వేరు.

సంగతేదో తేలాలంటే గడ్డలోంచి చిన్న ముక్క తీయాలన్నారు డాక్టర్లు. తీశారు. అది తిరిగి తిరిగి కోడలి బల్లమీదకే వచ్చింది. దానిమీద పేరుండదు, అంకె ఒక్కటే. ఆ అంకె ఆవిడకు కంఠతా వచ్చు. సొంతవాళ్ళ ముక్కను మైక్రోస్కోపులో చూడకూడదన్నది ల్యాబులో కట్టుబాటు. ఎప్పటిలాగే పల్చగా కోసింది, రంగు వేసింది, చూడకుండానే లోపల పరీక్షించే డాక్టరమ్మకు పంపేసింది. ఆ గంటసేపు ఆవిడ పడ్డ నరకం పగవాళ్ళకు కూడా వద్దు...

“కట్టుబాటు సంగతి తరవాత. ముందిలా వచ్చి చూడు!” అని డాక్టరమ్మే పిలిచింది.

పెద్ద పెద్ద వికారపు కణాల మధ్య, ఆవాలు ఒలకబోసినట్టు చిన్న చిన్న నీలి కణాలు!

సాయంత్రం అత్తగారి మంచం పక్కన నిలబడి చెప్పింది.

“గడ్డ బయటినుంచి వచ్చింది కాదత్తయ్యా, మన ఒంట్లో పుట్టిందే. చెడ్డదాన్ని గుర్తుపట్టి చంపడానికి ఒంట్లో కాపలా కణాలుంటాయి. ఇదేమో ‘నేను మీదాన్నే, నన్నేం చెయ్యకండి’ అంటూ వాటిని జోకొట్టేసింది. ఇంజెక్షన్ ఆ జోకొట్టడాన్ని ఆపింది. ఇప్పుడవన్నీ లేచి గడ్డలోకి దూరాయి, ముక్కలో నీలంగా కనిపించినవి అవే. పెరిగిన వాపు వాటిదే!”

“అయితే తగ్గిపోతుందా వదినా?” ఆడపడుచు గొంతు మారింది.

“అందరికీ తగ్గదమ్మా. ఖాయమని నేను చెప్పలేను. కానీ ఇప్పుడాపితే, లేచినవాటిని మళ్ళీ పడుకోబెట్టినట్టే.”

అత్తగారు మెల్లగా ఇటు తిరిగారు.

“నన్ను తినేదాన్ని నాదేననుకుని పెంచాను... నాకోసం పాటుపడేదాన్నేమో పద్దెనిమిదేళ్ళు గుమ్మం బయటే ఉంచాను!”

“ఏడవకే అమ్మా!”

“నువ్వూరుకో. సోమవారం వెళుతున్నాం, అంతే. అబ్బ, గొంతెండిపోతోంది...”

ఆడపడుచు వేరుగా ఉంచే చెంబుకోసం లేచింది.

“నువ్వు కూర్చోవే. తననివ్వనీ.”

కోడలు వంటింట్లోకెళ్ళి అలవాటుకొద్దీ చేతులు రెండుసార్లు కడుక్కుంది. మరకలు పోలేదు. గ్లాసు అందిస్తే అత్తగారు ముందు ఆ వేళ్ళను గట్టిగా పట్టుకున్నారు. తరవాత గుక్క తిప్పుకోకుండా తాగేశారు.

“ఇంకో గ్లాసు తేమ్మా” అన్నారు.