తెల్లచారల తలపాగా

కంకణపురంలో ఒక మంచి ఆచారం ఉండేది. రైతులు వానలను కార్తెలవారీగా, అంటే సుమారు రెండు వారాలకొక కార్తెగా, చూసుకుంటారు కదా! కార్తెలో వాన పడితే నీలం చార, పడకపోతే తెల్ల చార వేస్తూ రాజుగారి నేతగత్తె ఏటా మూరెడు గుడ్డ నేసేది. ముత్తాతల నాటి నుంచి నేసిన ఆ గుడ్డంతా కొలువుకూటంలో వేలాడుతుండేది.

గజవర్మ గద్దెనెక్కిన రోజున ఒక జ్యోతిష్కుడు తెల్లచారలు అశుభమన్నాడు. రాజు మంచివాడే కానీ, చెప్పుడు మాటలు వినే రకం. కరువేళ్ల ముక్కలన్నీ కత్తిరించి అడవిలో పారేయించాడు. మిగిలిన నీలం గుడ్డను కలిపి కుట్టించి మురిసిపోయాడు.

కొన్నేళ్లకు వానలు మొహం చాటేశాయి. మృగశిర వెళ్లింది, ఆరుద్ర వెళ్లింది, మఖ కూడా వెళ్లిపోయింది. రాజు గుడ్డంతా తిరగేశాడు. అందులో ఇలాంటి ఏడు ఒక్కటీ లేదు. నేలకు ఎన్నడూ లేని శాపం తగిలిందనీ, వచ్చే అమావాస్యకు విత్తనాల గింజలు కూడా పంచుకు తిని దేశం విడిచి పోదామనీ చాటింపు వేయించాడు.

విత్తనాలు తినేస్తే, తర్వాత వాన పడినా ఏం విత్తుతారు? నేతగత్తె మనవరాలు పైడికి ఆ దిగులే పట్టుకుంది. కరువేళ్లలోనూ ఆఖరికి ఏదో ఒక కార్తెలో వాన పడేదని అవ్వ చెప్పింది. ఏ కార్తెలోనో మాత్రం పాపం ఆమెకు గుర్తు లేదు. అది పారేసిన ముక్కల్లోనే ఉంది. పైడి సొరకాయబుర్రలో నీళ్లు పోసుకుని అడవిదారి పట్టింది.

ఎండిన ఏటి ఇసుకలో గుట్టంత తాబేలు నోరు తెరుచుకుని అడ్డంగా పడుకుని ఉంది. వచ్చినవాళ్లను మింగడమే దాని పని. పైడి పారిపోకుండా బుర్రలోని నీళ్లన్నీ దాని నోట్లో పోసింది. తాబేలు చల్లబడి, ఆ ముక్కలను కొండదంతుడనే రాక్షసుడు తలకు చుట్టుకు తిరుగుతున్నాడని చెప్పి దారి వదిలింది. ఆ తర్వాత మంత్రపు తీగలు ఆమె కాళ్లూ చేతులూ చుట్టేశాయి. నేతపిల్లకు చిక్కు విప్పడం రాదా? ఓపిగ్గా కొస పట్టుకుని ఒక్కొక్కటే విడదీసుకుని గుహ చేరింది.

తలపాగా అడగ్గానే కొండదంతుడు పళ్లు కొరికాడు. "ఇచ్చేస్తే ఎండకు నా బోడిగుండు పేలిపోదూ? ముట్టుకున్నావంటే నిన్ను నంజుకు తింటాను" అన్నాడు.

"ఇంతకన్నా పెద్దది నేసిస్తాను మామా. నచ్చకపోతే అప్పుడే తిను" అంది పైడి.

మామా అని పిలిచిన పిల్లను తినాలంటే రాక్షసుడికైనా మొహమాటమే. పైడి వెదురుకర్రలతో మగ్గం కట్టి, అడవిపత్తి వడికి, దళసరి తలపాగా నేసింది. అది చుట్టుకుని కొండదంతుడు తన నీడ చూసుకుని తెగ సంబరపడ్డాడు. పాత ముక్కలిచ్చి, ఆమెను భుజానెక్కించుకుని కోటకు పరుగెత్తాడు.

అప్పటికే విత్తనాల పాతర తవ్వుతున్నారు. పైడి ముక్కలన్నీ రాజు ముందు పరిచింది. అన్నీ తెల్లగానే ఉన్నాయి, కానీ ప్రతి ముక్కకూ చివరి వైపు ఒక నీలం చార ఉంది.

"అన్నీ హస్త కార్తెలోనేనా?" రాజు చారలు లెక్కపెట్టి అడిగాడు.

"ఒక్క ఏడాది మాత్రం చిత్తలో పడింది ప్రభూ. మిగతా అన్నీ హస్తే. అందాకా గంజి తాగి ఉందాం, విత్తనాలు ముట్టొద్దు."

పాతర మళ్లీ పూడ్చారు. కొండదంతుడు అడవిదుంపలు తవ్వి తెచ్చాడు. అర్ధాకలితోనే అందరూ ఓర్చుకున్నారు. హస్త కార్తె సగానికి వచ్చాక కుండపోతగా వాన కురిసింది. జనం ఏడుస్తూ, నవ్వుతూ ఉలవలు చల్లారు. ఒక్క కుటుంబం కూడా ఊరు విడవలేదు.

పంట ఇళ్లకు చేరాక, అవ్వ కోరిక మీద రాజు పైడిని ఆస్థాన నేతగత్తెను చేశాడు. పాత ముక్కలను ఎక్కడివక్కడ కుట్టించాడు. ఈ ఏటి గుడ్డ ఎలా నేస్తావని అడిగితే, జరిగింది జరిగినట్టే నేస్తానంది పైడి. గజవర్మ తల వంచి, తెల్లనూలు కండె తానే తీసి ఆమెకు అందించాడు.

"తెలుపు బాగా కనబడేలా నెయ్యమ్మా. మళ్లీ కరువొస్తే మన మనవలు చూసుకోవాలి" అన్నాడు.

ఆ చలికాలమంతా కంకణపురంలో ఇంటింటా ఉలవచారు కాగుతూనే ఉంది. అందరూ కడుపునిండా తిని, సొంత ఊళ్లోనే హాయిగా నిద్రపోయారు.