రెండవ ప్రతివాది

పొద్దున ఆరున్నరకల్లా ఫిలింనగర్ వాలులో ఉన్న ఆ ఇంట్లో బిజినెస్ లా పాఠం మొదలైపోయింది. బి.కాం. రెండో ఏడు చదువుతున్న పుష్పవల్లికి పరీక్ష ఇంకా వారం ఉంది. గట్టిగా చదవకపోతే ఆ పిల్లకు ఒంటబట్టదు. ఆ చదువు వింటూ గడ్డం గీసుకోకపోతే వాళ్ల నాన్న వీరరాఘవయ్యకు తెల్లవారదు.

“సివిల్ కేసులో దావా వేసినవాడు వాది. ఎవరి మీద వేశారో వాడు ప్రతివాది. క్రిమినల్ కేసులో నేరం మోపబడినవాడు ముద్దాయి...”

మామూలుగా అయితే ఆయన ఇక్కడ అడ్డం తగలాలి. సినిమాలకు సామాన్లు అద్దెకిచ్చే మనిషి మరి. కోర్టు సీనంటే బోను, జడ్జిగారి కుర్చీ, సుత్తి ఆయన షెడ్డు నుంచే వెళ్లాలి. “అసలు కోర్టులో సుత్తి ఉండదు నాన్నా, కాలేజీవాళ్లు తీసుకెళ్తే చూసొచ్చాను” అని కూతురు అన్న రోజున, “సొరుగులో పెట్టుంటారు, నీకు కనబడలేదు” అని వాదించి తనే గెలిచాననుకున్నాడు. ఈ రోజు మాత్రం ముద్దాయి అనే మాట చెవిన పడగానే గడ్డం సగంలో ఆపి లేచిపోయాడు.

శారదాదేవి వంటింట్లోంచి అంతా గమనిస్తూనే ఉంది. ఎనిమిది రోజులుగా ఇదే వరస. రాజమండ్రి అవుట్‌డోర్‌ షూటింగులో నలభై రోజులుండి వచ్చిన మొగుడు, వచ్చిన మర్నాడే కోర్టు మనిషి తెచ్చిన కాగితాల కట్ట సంతకం పెట్టి తీసుకున్నాడు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏమిటని అడిగితే చెప్పడు. “సూర్యం వస్తే నేను లేనని చెప్పు” అన్నాడంతే.

సూర్యం అంటే సూర్యప్రకాశరావు, ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. షెడ్డులో ఇద్దరికీ సమానం. రోజూ వెంగళరావు నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చి, వదిన చేతి కాఫీ తాగి, అన్నను వెనకాల ఎక్కించుకుని షెడ్డుకు వెళ్లడం పదేళ్ల అలవాటు. ఎనిమిది రోజులుగా అతని గ్లాసు అలమారులోంచి కిందికి దిగలేదు.

వీధిలో స్కూటర్ ఆగింది. “ఆయన లేరు” అనడానికి ఈసారి శారదాదేవికి వీల్లేకపోయింది. సగం గడ్డంతో ఆయన గుమ్మానికి ఎదురుగానే ఉన్నాడాయె.

“అన్నయ్యా, రేపే వాయిదా. పదిన్నరకల్లా కోర్టులో ఉండాలి. నా మీద కోపం తర్వాత తీర్చుకుందువుగాని” అన్నాడు సూర్యప్రకాశరావు గుమ్మంలోనే నిలబడి.

“వస్తానురా, ఎందుకు రాను? ఎన్ని సినిమాలకి బోనులు పంపించాను! నా తమ్ముడే నన్ను అందులో ఎక్కిస్తాడని ఒక్కనాడైనా అనుకోలేదు.”

“బోనేంటి? నేనేంటి, నిన్ను ఎక్కించడమేంటి?”

“నటించకు! నాన్న పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నీ చెయ్యి పట్టుకుని తెనాలి నుంచి మద్రాసు, మద్రాసు నుంచి ఇక్కడికీ వచ్చాను. షెడ్డు మొత్తం కావాలంటే అడగొచ్చుగా? ఇచ్చేసేవాణ్ణి. దానికోసం నన్ను ముద్దాయిని చేస్తావా?”

సూర్యప్రకాశరావు వదిన వంక చూశాడు. ఆవిడకేం తెలుసు పాపం, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

పుష్పవల్లి పుస్తకం మూసి లేచింది.

“నాన్నా, ఆ కాగితాలిలా ఇవ్వు.”

“నీకెందుకమ్మలూ, పరీక్షలు పెట్టుకుని.”

“ఇదీ పరీక్షే. ఇవ్వు.”

కట్టంతా ఇంగ్లీషే. వీరరాఘవయ్య అందులో పేర్లు మాత్రం కూడబలుక్కోగలడు. దావా వేసినవాళ్ల చోట తమ్ముడి పేరు. ఎదుటి పక్షంలో రెండోది తన పేరు. తెలిసిన ప్రొడక్షన్ మేనేజరొకణ్ణి అడిగితే, “డిఫెండెంటంటే ముద్దాయేనండీ” అని ఠకీమని చెప్పేశాడు. సినిమావాళ్లకు ఉన్నది ఒకటే కోర్టు. అందులో నిలబడ్డవాడల్లా ముద్దాయే.

పుష్పవల్లి చివరిదాకా నిదానంగా చదివింది.

“నాన్నా, ఇది సివిల్ దావా. ఇందులో ముద్దాయి అనేవాడే ఉండడు. మొదటి ప్రతివాది ఎవరో చూశావా? మన షెడ్డు స్థలం ఓనరు. నువ్వు ఊళ్లో లేనప్పుడు షెడ్డు కూలగొడతానని వచ్చాడట. అది ఆపమని బాబాయ్ కోర్టుకెళ్లాడు. లీజు మీ ఇద్దరి పేరునా ఉంది కాబట్టి దావాలో ఇద్దరూ ఉండాలి. బాబాయ్‌తో పాటు సంతకం పెట్టడానికి నువ్వు లేవు. అందుకని నీ పేరు అటుపక్క రాశారు.”

“లాయరుగారూ అదే చెప్పారు, ఊరికే పేరుకని” అన్నాడు సూర్యప్రకాశరావు. “కోర్టంటే నువ్వు కంగారు పడతావని ఫోన్లో చెప్పలేదన్నయ్యా. వచ్చాక చెబుదామంటే మొహమే చూపించలేదు. అడక్కుండా కోర్టుకెక్కానని అలిగావనుకున్నా.”

“నాన్నా, ఈ ఒక్క ముక్కా విను” అని పుష్పవల్లి తెలుగులో చెప్పింది. “‘రెండవ ప్రతివాది వాదికి స్వయానా అన్నగారు. ఆయన మీద వాది కోరేది ఏమీ లేదు.’”

వీరరాఘవయ్య కాగితం అందుకుని ఆ ముక్క ఎక్కడుందో చూపించమన్నాడు. దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

“ఏమీ లేదనే రాశాడా?”

“ఏమీ లేదనే రాశాడు నాన్నా.”

ఆయనకిక దుఃఖం ఆగలేదు. “ఎనిమిది రోజులు నిన్ను వీధిలోంచే పంపించేశానురా సూర్యం” అంటూ ఎండిపోయిన సబ్బు మొహంతోనే తమ్ముణ్ణి వాటేసుకున్నాడు. సూర్యప్రకాశరావు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. శారదాదేవి కళ్లు తుడుచుకుని అలమారులోంచి గ్లాసు దించింది.

కాఫీలు అయ్యాక వీరరాఘవయ్య నెమ్మదిగా కూతుర్ని అడిగాడు.

“అమ్మలూ, ఆ పక్కనుంచి ఈ పక్కకి రావడానికి మీ పుస్తకంలో దారేమైనా రాశారా?”

“అది లాయరుగారికే తెలియాలి నాన్నా.”

లాయరుగారికి తెలుసు. మర్నాడు కోర్టు వరండాలో అర్జీ రాయించి వీరరాఘవయ్య చేత సంతకం పెట్టించాడు. జడ్జిగారు ఒప్పుకుంటే ఆయన రెండవ వాది అవుతాడు. “అన్నయ్య పేరే ముందు రాయండి” అని సూర్యప్రకాశరావు పట్టుబట్టాడు. “వద్దండీ, వాడి కిందే ఉండనివ్వండి, నాకదే బావుంది” అన్నాడు వీరరాఘవయ్య. వచ్చే వాయిదాదాకా షెడ్డు జోలికి ఎవరూ పోకూడదని ఆర్డరు కూడా వచ్చింది.

సాయంత్రం పుష్పవల్లి వీధిలోనే ఎదురొచ్చింది.

“సుత్తి కనిపించిందా నాన్నా?”

“లేదమ్మలూ. ఆ బల్ల మీద వెతుకుతూనే ఉన్నా” అని ఒప్పుకున్నాడు వీరరాఘవయ్య, స్కూటర్ దిగుతూ.

“మరి బోనో?”

“ఉంది. కానీ నన్నెవరూ అందులోకి పిలవలేదు” అన్నాడు. తమ్ముడి భుజం మీద వేసిన చెయ్యి ఇంకా తియ్యలేదు. “నేను సూర్యం పక్కన నిలబడ్డాను.”