మూడోసారి వంకాయ కూర

ఫణిశ్రీ నాతో అన్న మొదటి మాట, “ఆగండి! ఆ గరిటె దేంట్లోది?”

అందరి ప్రేమలూ చూపులతో మొదలవుతాయంటారు. నాది గరిటెతో మొదలైంది. ఎవరి ప్రాప్తం వాళ్లది, ఏం చేస్తాం.

కార్తీక మాసం, ఆదివారం. విశాఖపట్నంలో మా గుంపు పేరు ‘ఆదివారం అడుగులు’. పొద్దున్నే ఏదో ఒక కొండ ఎక్కడం, మధ్యాహ్నం ఏదో ఒక హోటలు మీద పడి తినడం, సోమవారం ఆఫీసులో కాళ్లు పట్టుకుని మూలగడం. మా ఆశయం అంతకు మించి లేదు. ఆ రోజు సింహాచలం కొండ ఎక్కి దిగుతుంటే సగం దారిలో వాన పట్టుకుంది. పన్నెండు మందిమీ తడిసి ముద్దయి హోటల్లో కూలబడ్డాం. బల్ల మీద గిన్నెలు పెట్టగానే ఆకలి కొద్దీ చేతికందిన గరిటె తీసి పప్పులో ముంచబోయాను.

“ఏ గరిటైతే ఏముందండీ?” అన్నాను.

“కోడికూరలోది తీసుకెళ్లి పప్పులో పెడితే మేం ఏటి తినాలి?”

తలెత్తి చూశాను. కొత్తమ్మాయి. తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. కళ్లజోడు తీసి చున్నీతో తుడుచుకుంటూనే నన్ను చూస్తోంది. కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు అని తర్వాత తెలిసింది. ఆ చూపు ముందు, బోర్డు మీద అన్నిటికన్నా కింది లైను చదవమన్నట్టు తడబడిపోయాను.

ఆ తడబాటులోనే నోరు జారింది.

“అయ్యో, నేనూ వెజ్జేనండీ! గరిటె చూసుకోలేదు. మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు.”

పక్కన ఉదయ్‌కుమార్‌కి పొలమారింది. మా గుంపు లీడరు అతనే. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది. అంతకు ముందు నెల అరకు దారిలో ఒకటిన్నర బొంగు చికెన్ నేనొక్కణ్నే లాగించడం కళ్లారా చూసినవాడు.

ఆమె ముఖం మాత్రం మెత్తబడింది. “ఓ, అలాగా?” అని, వేరే గరిటె తెప్పించి నా కంచంలో తనే పప్పు వేసింది. అందులో ఉప్పు లేదు. అయినా నాలుగుసార్లు వేయించుకున్నాను.

బయటికొచ్చాక ఉదయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. “గురూ, ధర్మతేజా! ఇవాళ్టి నుంచి నీ వాటా ముక్కలు నావి. నీ సీక్రెట్ నా కడుపులో ఉంటుంది.”

అన్నమాట నిలబెట్టుకున్నాడు. నాలుగు నెలల్లో అతను ప్యాంట్లన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

కార్తీకం వెళ్లిపోయింది. నా శాకాహారం వెళ్లలేదు. తొట్లకొండ ఎక్కాం, బొజ్జన్నకొండ ఎక్కాం, కంబాలకొండ అడవిలో తిరిగాం. ఎక్కడికెళ్లినా బల్లకి అటు చివర బిర్యానీలు, ఇటు చివర మేమిద్దరం, మధ్యలో పెరుగన్నం.

“మీకు ఆ వాసన పడదేమో. కిటికీ పక్కకి రండి” అనేది ఫణిశ్రీ.

“మీరు రండి, మీకే ఇబ్బంది” అనేవాణ్ని నేను.

బీచ్ రోడ్డులో చేపలు వేయించే బళ్ల ముందు నుంచి ఇద్దరం ముక్కులు మూసుకుని నడిచేవాళ్లం. నేను మూసుకునేది వాసన పడక కాదు, మరీ పడి.

ఇంత కష్టం ఎందుకంటే, ఆమె కోసమే. కొండ ఎక్కేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి “వస్తన్నారా?” అని అడిగే తీరు కోసం. కంచంలో అప్పడం విరిచి సగం నా వైపు జరిపే తీరు కోసం. ఆమె పక్కన కూర్చుంటే బెండకాయ వేపుడు కూడా నాకు నచ్చేది. నాకు బెండకాయ అంటే చిన్నప్పటి నుంచీ పడదు.

జనవరిలో ఒక తప్పు చేశాను. తొట్లకొండ మీద సముద్రం చూస్తూ కూర్చున్నాం. ఫణిశ్రీ చాలాసేపు గడ్డిపరక తుంచుతూ కూర్చుని, “తేజగారూ, మీకో మాట చెప్పాలి. మా నాన్నమ్మ యలమంచిలి మార్కెట్లో...” అని మొదలుపెట్టింది.

నేను వెంటనే నా వేషం గుర్తు తెచ్చుకున్నాను. “యలమంచిలి మార్కెట్టా! అమ్మో, ఆ ఎండుచేపల వరస దాటాలంటే నాకు ప్రాణం మీదికి వస్తుందండీ” అన్నాను, ముఖం కూడా వంకరగా పెట్టి.

ఆమె చేతిలో గడ్డిపరక ఆగిపోయింది.

“మీ నాన్నమ్మగారు ఏమన్నారు?”

“ఏం లేదులెండి. మార్కెట్లో నిమ్మకాయలు చవగ్గా ఉన్నాయంది.”

ఆ రోజు దిగేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి ‘వస్తన్నారా’ అని అడగలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. పప్పు తిని తిని బుర్ర మందగించిందేమో అనుకున్నాను.

మా గుంపులో ఒక రూలుంది. వంతులవారీగా ఒక్కొక్కరూ అందరినీ తమ సొంతూరికి తీసుకెళ్లాలి, అక్కడి కొండ ఎక్కించాలి, తమ ఇంట్లో భోజనం పెట్టించాలి. మార్చిలో ఆ వంతు నాకొచ్చింది. మాది నర్సీపట్నం. మా అమ్మ దేవుడమ్మ చేతి నాటుకోడి పులుసు కోసం చుట్టాలు పనులు కల్పించుకుని మరీ వస్తారు. ఇక నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

ఫోన్ చేశాను. “అమ్మా, పన్నెండు మందిమి వస్తాం. కోడి వద్దు. చేప వద్దు. గుడ్డు వద్దు.”

“ఏట్రా, ఏటైనా మొక్కా?”

“మొక్కే అనుకో.”

“ఏ దేవుడికి?”

“దేవుడు కాదే. ఒక అమ్మాయి. వాళ్లు తినరు. నేనూ తిననని చెప్పాను.”

“అదా సంగతి! మీ నాన్న కొయ్యూరు సంతలో రెండు పుంజులు సూసుంచారు. వొద్దని సెప్తాన్లే. పప్పు, గుమ్మడికాయ పులుసు, వంకాయ కూర. సాలా?”

“చాలు. ఎవరైనా అడిగితే మన ఇంట్లో అసలెవరమూ తినం అని చెప్పు.”

“అబద్దమాడి పెళ్లి సేసుకుంతావేట్రా?”

“పెళ్లి దాకా ఎవరు వెళ్లారమ్మా!”

“అబద్దం దాకా ఎల్లిపోనావు గదా.”

నేను ఒకటే అనుకున్నాను. ఆ ఒక్క భోజనం గండం గడిచిపోతే చాలు, తిరుగు దారిలో ఫణిశ్రీకి నా మనసులో మాట చెప్పేస్తాను. మాంసం సంగతి తర్వాత నెమ్మదిగా మానేసుకుంటాను. నిజంగానే. ఆమె కోసం ఆ మాత్రం చేయలేనా?

ఆ ఆదివారం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఇడ్లీలు తిని, కొయ్యూరు దారిలో ఉన్న కొండ ఎక్కాం. దానికో పేరంటూ లేదు, మేం కొండ అనే అంటాం. పైనుంచి చూస్తే ఒక వైపు చెరకు తోటలు, ఒక వైపు జీడితోటలు, వెనక ఏజెన్సీ కొండలు వరసగా కనిపిస్తాయి. అందరూ సెల్ఫీల్లో ఉండగా ఫణిశ్రీ నా పక్కకొచ్చి నిలబడింది.

“మీ ఇంట్లో పట్టింపులు బాగా ఎక్కువా?”

“అంటే... కొంచెం.”

“కొంచెం అంటే ఎంత?”

“గరిటెల దగ్గర మీకున్నంత” అన్నాను నవ్విద్దామని. ఆమె నవ్వలేదు. తల ఊపి, ముందు దిగిపోయింది.

ఇంటి వెనక జీడిచెట్ల నీడలో చాపలు పరిచి విస్తళ్లు వేశారు. అతిథులు తిన్నాకే ఇంటివాళ్లు తినడం మా పద్ధతి. అందుకని నేనూ నాన్నా వడ్డనకు దిగాం. మా నాన్న మంగరాజుకి కడుపులో మాట దాగదు.

“ఏటోనమ్మా, మా వోడు ఈసారి పుంజులొద్దన్నాడు గానీ, లేకపోతే కోడంటే వీడు...”

ఉదయ్ విజిల్ ఊదాడు. అందరూ ఉలిక్కిపడ్డారు.

“చీమ కుట్టింది” అన్నాడు ఉదయ్.

ఫణిశ్రీ మాత్రం తల వంచుకుని తింటోంది. ఒకసారి వంకాయ కూర వేశాను. అయిపోయింది. రెండోసారి వేశాను. అదీ అయిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ వంట నచ్చిందంటే సగం పని అయినట్టే కదా! మూడోసారి తనే విస్తరి ముందుకు జరిపింది.

“ఇంకొంచెం వెయ్యండి. ఎంతుందీ, అంతా వేసెయ్యండి.”

గిన్నెలో ఉన్నదంతా వేసేసి, మళ్లీ నింపుకొద్దామని ఉత్సాహంగా వంటింట్లోకి పరిగెత్తాను. “అమ్మా, వంకాయ కూర సూపర్ హిట్. మూడోసారి!”

అమ్మ మురిసిపోయింది. “ఉత్త వంకాయ ఏటి తింతారు పాపం, కొండెక్కొచ్చిన పిల్లలు. అందుకే గుప్పెడు ఎండ్రొయ్యలు వేపి, నలిపి ఏసాను.”

గిన్నె గట్టు మీద పెట్టేశాను.

“ఎండ్రొయ్యలా!”

“మరేటి? నువ్వు కోడొద్దన్నావు, సేపొద్దన్నావు, గుడ్డొద్దన్నావు. ఎండ్రొయ్యలొద్దన్నావా?”

నిజమే, అనలేదు. మా ఇంట్లో వంకాయ కూర వాసనే అది. ఇంట్లో అడుగు పెట్టినప్పుడే తగిలింది గానీ, మా ఇల్లు ఎప్పుడూ అలాగే ఉంటుంది కదా అనుకున్నాను.

గుమ్మంలో నిలబడిపోయాను. అక్కడి నుంచి ఫణిశ్రీ కనిపిస్తోంది. చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు. అమ్మ చెప్పదు. సాయంత్రం వ్యానులో పక్కన కూర్చుని నా మాట చెప్పుకోవచ్చు. చెప్తే మాత్రం ఈ జన్మలో నా ముఖం చూడదు. కానీ ఒక్క గరిటె కోసం ముక్కూ ముఖం తెలియనివాడితో పోట్లాడిన మనిషి ఆమె. ఆమెకు మూడుసార్లు రొయ్యలు పెట్టి, తెలియనట్టు పక్కన కూర్చుని ప్రేమ గురించి మాట్లాడటం నా వల్ల కాలేదు.

ఆమె చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి రాగానే వెళ్లి నిలబడ్డాను.

“ఫణిశ్రీగారూ, నన్ను క్షమించండి. మీరు తిన్న వంకాయ కూరలో ఎండ్రొయ్యలున్నాయి. మా అమ్మ తప్పు కాదు, నాది. నేను వెజ్ కాదండీ. మా ఇంట్లో ఎవరూ కాదు. ఆ రోజు గరిటె దగ్గర మిమ్మల్ని చూసి కంగారులో అబద్ధం చెప్పాను. మీ పక్కన కూర్చోవచ్చని నాలుగు నెలలు పప్పు తిన్నాను. మీరంటే ఇష్టం కాబట్టి తిన్నాను. ఇప్పుడు మీరు ఏమన్నా పడతాను.”

ఆమె కుళాయి కట్టేయడం మరిచిపోయింది. నీళ్లు పోతూనే ఉన్నాయి.

“మీరు... తింటారా?” అంది.

“తింటానండీ.”

“ఎండుచేపలు?”

“అవంటే ప్రాణం.”

“తొట్లకొండ మీద ముఖం అలా పెట్టారు?”

“అది యాక్టింగ్.”

ఫణిశ్రీ అక్కడే, వంగిన జీడికొమ్మ మీద కూలబడింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. తీరా చూస్తే భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

“కార్తీక మాసమండీ అది! మా ఇంట్లో ఆ నెలంతా ఎవరూ ముట్టరు. అందుకే ఆ గరిటె గొడవ. నెల అయ్యాక తిందామంటే మీ ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరన్నారు. సరే అని నేనూ మానేశాను. మా నాన్నమ్మ బాలాంబది యలమంచిలిలో ఎండుచేపల కొట్టు తేజగారూ. నేను హోంవర్కు చేసింది ఆ బుట్టల మధ్యే. ఆ సంగతి చెప్దామంటే మీరు ముఖం వంకర పెట్టారు. ఇంక మన మధ్య ఏమీ జరగదని ఆ రాత్రి ఏడ్చాను కూడా.”

“మరి ఇవాళ కూరలో...”

“నాకు తెలీదా? మొదటి ముద్దకే తెలిసింది!”

“తెలిసీ మూడుసార్లు తిన్నారా?”

ఆమె తల వంచుకుంది. “మీ నాన్నగారు పుంజుల మాట ఎత్తేసరికి, ఇంట్లో అందరూ తింటారు, మీరొక్కరే తినరేమో అనుకున్నాను. పాపం అమ్మగారు మరిచిపోయి వేశారేమో, మీరు తిని బాధపడతారేమో, ఆవిణ్ని ఏమైనా అంటారేమో అని భయమేసింది. మీరు భోజనానికి కూర్చునేలోపు గిన్నె ఖాళీ చేసేద్దామని తిన్నాను.”

నాలుగు నెలలుగా మోస్తున్న బస్తా ఎవరో భుజం మీంచి దించినట్టయింది. ఊపిరి అంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

“అదొక్కటే కారణం కాదు” అంది ఫణిశ్రీ మెల్లగా. “కూర కూడా చాలా బాగుంది.”

“నిజం సెప్పమ్మా, ఇసుక తగల్లేదూ?”

ఇద్దరం అదిరిపడి తిరిగాం. మా అమ్మ. కూర గిన్నె చంకన పెట్టుకుని ఎప్పటి నుంచి నిలబడిందో.

ఫణిశ్రీ కంగారుగా లేచింది. “కొంచెం తగిలిందండీ. మా నాన్నమ్మ చెరిగితే ఒక్క ఇసుక రవ్వ ఉండదు. ఈసారి వచ్చినప్పుడు తెస్తాను.”

“నువ్వు మొయ్యడం ఏటమ్మా? మేమే యలమంచిలి వస్తాం. మీ అమ్మానాన్నా ఇంట్లో ఉన్న రోజు సూసి, మంచి రోజు సూసుకుని.”

వెనక నుంచి నాన్న వచ్చాడు. “ఎండ్రొయ్యలకి మంచి రోజేటే?”

“మీరు ఊరుకోండి. బేగెల్లి పట్టుపంచె ఎక్కడుందో సూసుకోండి.”

నాన్న అయోమయంగా లోపలికి వెళ్లాడు. ఫణిశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. కళ్లజోడు తీసి, మరకేమీ లేకపోయినా చున్నీతో తుడిచింది. తర్వాత అమ్మ చేతిలోంచి గిన్నె తీసుకుంది.

“మీరింకా తినలేదు కదా. కూర్చోండి, నేను వడ్డిస్తాను.”

విస్తరి ముందు కూర్చున్నాను. గిన్నె అడుగున నాలుగు ముద్దలకు సరిపడా మిగిలింది. ఆమె ముందు పప్పు గిన్నె దగ్గరికి లాగి, చేతిలో ఉన్న గరిటె అందులో ముంచబోయింది.

“ఆగండి!” అన్నాను. “ఆ గరిటె దేంట్లోది?”

ఫణిశ్రీ గరిటె వైపు చూసింది, నా వైపు చూసింది.

“ఎండ్రొయ్యల్లోదే. నోరు మూసుకుని తినండి.”