చేతులు వెనక్కి

అమ్మ అతని బ్యాగులో ఇంకో తువ్వాలు కుక్కింది.

"రెండు వారాలేనమ్మా."

"మీ నాన్న కూడా ఆ రోజు సాయంత్రం బస్సుకే వచ్చేస్తానన్నారు, ఇంకా రాలేదు," అంటూ పైన గొడుగు పెట్టింది.

ఆమె అటు తిరగగానే అతను గొడుగు తీసి తలుపు పక్కన ఆనించి వెళ్ళిపోయాడు.

అతను నర్సు. వార్డుల్లో విద్యార్థులకు పని నేర్పే సీనియర్ నర్సులకు, ఎలా నేర్పాలో నేర్పుతాడు. అతనిది ఒకటే మాట: విద్యార్థి సూది పట్టుకున్నప్పుడు నేర్పేవాళ్ళ చేతులు వెనక్కి ఉండాలి. రోగికి ప్రమాదమైతే తప్ప ముందుకు రాకూడదు.

కొత్త ఆసుపత్రిలో మొదటి రోజే ఒక సిస్టర్ విద్యార్థిని చేతిలోంచి సిరంజి లాగేసుకుంది.

"చేతులు వెనక్కి, సిస్టర్."

"ఈ పిల్ల నరం వెతికేలోపు పేషెంటుకి పెళ్ళీడొస్తుంది సార్!"

పేషెంటుకి డెబ్బై దాటాయి. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

"మీకెలా నేర్పారు?" అన్నాడు అతను బయటికొచ్చాక.

"చేతి మీద కొట్టి. ఇప్పటికీ సూది పట్టుకుంటే వెనక ఎవరో ఉన్నట్టే ఉంటుంది."

మర్నాటి నుంచి ఆమె విద్యార్థిని పక్కన నిలబడితే, అతను ఆమె పక్కన నిలబడ్డాడు. ఇద్దరి చేతులూ వెనక్కే. ఆ పిల్లకి నరం దొరికిన రోజున ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నవ్వకండి సార్."

"నవ్వలేదు."

"లోపల నవ్వారు."

వెళ్ళే రోజు వాన. బస్టాపులో ఆమె గొడుగు కిందే ఇద్దరూ నిలబడ్డారు.

"సిస్టర్, నేను... అంటే మీరు..."

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. వాటితో పాటు గొడుగూ వెనక్కి వెళ్ళింది. ఇద్దరూ తడిసిపోయారు.

"కాస్త సాయం చెయ్యొచ్చుగా!"

"విద్యార్థి తడబడితే మధ్యలో అందుకోకూడదు. మీరే చెప్పారు."

బస్సు వచ్చింది. వెళ్ళిపోయింది.

"ముందు సిస్టర్ అనడం మానండి. మిగతాది అదే వస్తుంది," అంది జాలిపడి.

వచ్చింది.

"బాగానే చెప్పారు. కాస్త ఆలస్యమైంది. పేషెంటుకి ఏం కాలేదు," అంది ఆమె.

అతను ఇంటికి ఫోన్ చేసి, సిస్టర్‌తో పెళ్ళి సంగతీ, ఇక్కడే ఉద్యోగం అడుగుతున్న సంగతీ చెప్పాడు.

"గొడుగు మర్చిపోయావు," అంది అమ్మ.

ఆ గొడుగు పట్టుకుని, పిల్లని చూసి వద్దామని రెండు రోజులకు వచ్చింది. చూసింది, తల నిమిరింది, సరేనంది. తిరుగు ప్రయాణానికి బ్యాగు సర్దుతుంటే మాత్రం కాబోయే కోడలి చేతులు వెనక్కి ఉండలేదు. తువ్వాళ్ళన్నీ బయటికి తీసి దండెం మీద వేసింది.

"ఇదేంటమ్మాయ్?"

"వానలు తగ్గాక చూద్దాం అత్తయ్యా."

జూన్‌లో వెళ్ళిన కొడుకూ, జూలైలో వెళ్ళిన తల్లీ అక్కడే ఉండిపోయారు; ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.